చిక్కుడుతీగకు గ్రంథమున చోటిచ్చిన రాక్సుబర్గుగారు

మన తొర్రూరు ప్రాంతమున పెరటి దడిమీద చిక్కుడుతీగ ప్రాకుట పిల్లలందఱు చూచినదే. అట్టి తీగలను శ్రద్ధతో పరిశీలించి, వాని తెలుగు పేళ్లను గ్రంథమున కెక్కించిన విలియము రాక్సుబర్గుగారి చరిత్ర నెఱిగినవారు మాత్రము కొలదిమంది.

వీరు 1751 లో స్కాట్లాండు దేశమున జన్మించిరి. ఎడింబరో నగరమున వైద్యవిద్యను, జాను హోపు పండితునియొద్ద వృక్షశాస్త్రమును నేర్చి, 1776 లో ఈస్టిండియా కంపెనీ వైద్యులుగా చెన్నపట్టణమునకు వచ్చిరి. 1781 లో గోదావరీ తీరప్రాంతమందలి సామర్లకోటకు నియమింపబడి, 1793 వఱకు తెలుగువారి నడుమ నివసించిరి.

రోగులకు మందిచ్చుటతో వీరు తృప్తినొందలేదు. తోటవేసి మిరియము, నీలి మొదలగు మొక్కలను పెంచిరి. దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించిరి. ప్రజలు వాడు పేళ్లను విని వ్రాసికొనిరి. చదువురాని రైతుకైనను తన పెరటి మొక్కనుగూర్చి చెప్పదగిన విద్య కలదని గ్రహించిన పండితులు వీరు.

1787 లో కోరంగి తీరమున పెనుతుఫాను వచ్చి సముద్రము పొంగగా, వీరి పుస్తకములును వ్రాతప్రతులును నశించెను. ఎన్నియో యేండ్ల శ్రమ యొక్క దినమున పోయెను. అయినను కాగితములు పోయెనుగాని, మొక్కలు పొలములలోను, వాని పేళ్లు జనుల నోళ్లలోను నిలిచియుండెను. రాక్సుబర్గుగారు నిరాశపడక మరల మొదటినుండి ప్రారంభించిరి. పిదప ఉత్తర సర్కారులలో ఘోరమైన కఱవు రాగా, కొబ్బరి, పనస మొదలగు ఆహారవృక్షములను విరివిగా నాటింపవలెనని ప్రభుత్వమునకు వ్రాసిరి.

1793 లో వీరు కలకత్తా వృక్షోద్యానమునకు అధికారులైరి. వీరి కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము మూడు సంపుటములలో, 300 చిత్రములతో లండనులో వెలువడెను. శ్రీరామపురపు మిషనరీయగు విలియము కేరీగారు వీరికి మిత్రులు; ఒక వృక్షజాతికి రాక్సుబర్గుగారు ఆ మిత్రుని పేరే పెట్టిరి. 1815 లో వీరు ఎడింబరోలో మరణించిరి. హిందూదేశపు వృక్షములనుగూర్చి వీరు వ్రాసిన మహాగ్రంథమును కేరీగారు 1832 లో శ్రీరామపురమున సంపూర్ణముగ ముద్రింపించిరి. చిక్కుడు భేదములు పూవుల రంగుతో, గింజల రంగుతో అందు వివరింపబడినవి.

బాలబాలికలారా! గ్రంథమున పేరుండుట మాత్రముచేత తీగ బ్రతుకదు. ఒక యింట ఒక్క యేడు విత్తనము దాచుట మఱచినచో, తాతలనాటి రకము ఆ యింటినుండి శాశ్వతముగ పోవచ్చును. కావున తొలకరికి గింజ నాటుడు. పాత చిక్కుడు పగళ్లు కుఱుచయైనపుడే పూయును. భాద్రపదమున ఆకులే కలవని తీగను పెఱికివేయకుడు. బలమైన తీగపై కొన్ని కాయలను కోయక ముదురనిచ్చి, ఎండబెట్టి, గింజలను బూడిదతో కలిపి దాచుడు. తేనెటీగలు పుప్పొడిని కలుపకుండ రకమునకు రకమునకు నడుమ ఎడముంచుడు. మీ అవ్వ ఆ చిక్కుడును ఏ పేర పిలుచునో అడిగి, ఆ పేరును మూటపై వ్రాయుడు.

ఒక పరదేశి మన పెరటి మొక్కల పేళ్లను రెండుమారులు శ్రమించి కూర్చెను. ఆ పేళ్లు గల విత్తనములను కాపాడుట మన పని.