నౌకావాణిజ్య ధురీణుడు సేఠ్ వాల్చంద్ హీరాచంద్

జవళగిరి, తళి, డెంకణికోట ప్రాంతముల వర్తకులకు బెంగుళూరు పరాయి ఊరు కాదు. సరకు కొనుటకు, బాకీలు వసూలు చేసికొనుటకు, పిల్లల చదువులకు హోసూరు మీదుగా ఆ నగరమునకు పోయి వచ్చుట వారికి వాడుక. ఆ నగరమునకు విమాన పరిశ్రమ వలన దేశమంతట పేరు వచ్చినది. ఆ పరిశ్రమకు పునాది వేసిన వ్యక్తి ఇంజనీరు కాదు, సైనికుడు కాదు. ఒక జైన వర్తక కుటుంబమున పుట్టినవారు. తెలుగు నేలపై విశాఖపట్టణమున ఆధునిక నౌకా నిర్మాణమునకు నాంది పలికినవారును వారే. వారే సేఠ్ వాల్చంద్ హీరాచంద్.

వాల్చంద్ గారు 1882 నవంబరు 23వ తేదీన షోలాపురమున జన్మించిరి. వారిది సౌరాష్ట్రమునుండి వచ్చి స్థిరపడిన దిగంబర జైన కుటుంబము. తెలుగు నేతపనివారు పెద్ద సంఖ్యలో కాపురమున్న ఆ పట్టణములో వారి ఇంట ప్రత్తి వ్యాపారము, వడ్డీ వ్యాపారము సాగుచుండెను. చదువు పూర్తి కాకుండగనే యువకుడైన వాల్చంద్ వ్యాపారమున ప్రవేశించిరి. స్వయముగా తలపెట్టిన తొలి బేరములలో నష్టమే వచ్చెను. వంశపారంపర్యముగా వచ్చిన వ్యాపారములో తనకు నేర్పు లేదని గ్రహించి, ఆ నిజమును దాచుకొనక, వారు వేరు త్రోవ వెదకిరి.

ఆ త్రోవ లక్ష్మణరావు ఫాటక్ అను మాజీ రైల్వే గుమాస్తా వలన దొరకెను. ఫాటక్ గారికి రైలుమార్గపు పనుల లోగుట్టు తెలియును గాని పెట్టుబడి లేదు. వాల్చంద్ గారికి పెట్టుబడి సమకూర్చు శక్తి కలదు గాని పని తెలియదు. ఇరువురును భాగస్వాములై బార్శీ లైట్ రైల్వే పనులను గుత్తకు తీసికొనిరి. తాకట్టుకు ఆస్తి చూపలేని మనిషి యొక్క పనితనమును చూచి ధనము పెట్టుట ఆనాటి వడ్డీ వ్యాపారికి అలవాటైన పద్ధతి కాదు. ఆ భాగస్వామ్యమే క్రమముగా పెరిగి భోర్ ఘాట్ సొరంగముల వంటి పెద్ద పనులకును, 1926లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ స్థాపనకును దారితీసెను.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1919లో గ్వాలియరు మహారాజు గారి ‘లాయల్టీ’ అను ఓడ అమ్మకమునకు వచ్చెను. వాల్చంద్ గారు నరోత్తమ్ మురార్జీ, కిలాచంద్ దేవచంద్, లల్లూభాయి సామల్‌దాస్ గార్లతో కలిసి దానిని కొనిరి. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వెలసెను. ఏప్రిలు 5వ తేదీన ఆ ఓడ బొంబాయినుండి ఇంగ్లండునకు బయలుదేరెను. ఆ దినమునే 1964 మొదలు దేశమంతట జాతీయ నౌకా దినోత్సవముగా జరుపుచున్నారు.

అయితే ఆ కొనుగోలు తొందరపాటు నిర్ణయమనియే చెప్పవలెను. ఓడ దాదాపు ముప్పది యేండ్ల పాతది. మరమ్మతులకు విశేషముగా వ్యయమయ్యెను. రాబడి దానికి తగినట్లు లేదు. తొలి ఓడ యను అభిమానముతో దానిని పట్టుకొని కూర్చుండక, కంపెనీ వారు సరకు రవాణాకు తగిన ఓడలను సమకూర్చుకొనిరి. 1923లో లాయల్టీని తుక్కు క్రింద అమ్మివేసిరి. ఓడ పోయినను కంపెనీ నిలిచెను.

అసలు పరీక్ష వేరొకటి. మన తీరపు రవాణా అంతయు నాడు లార్డ్ ఇంచ్‌కేప్ ఆధిపత్యములోని బ్రిటిష్ ఇండియా కంపెనీ చేతిలో ఉండెను. క్రొత్త కంపెనీని అణచుటకు వారు రంగూను బియ్యము మొదలగు సరకుల కిరాయిని దారుణముగా తగ్గించిరి. ఎదుటి దుకాణమువాడు నష్టమునకైన అమ్మి మన గిరాకీని లాగికొన్నప్పుడు కలుగు బాధ వర్తకులకు చెప్పనక్కరలేదు. సింధియా వాటాల ధర పడిపోయెను. అట్టి సమయమున ఇంచ్‌కేప్ కంపెనీని కొందుమని బేరము పెట్టెను. ధనము పెట్టినవారికి అది గట్టెక్కు దారిగా తోచుటలో వింత లేదు. వాల్చంద్ గారు మాత్రము అమ్మకమును గట్టిగా వ్యతిరేకించిరి. అమ్మినచో వాటాదారుల సొమ్ము కొంత తిరిగి వచ్చునేమో గాని, భారతీయుల ఓడలు సముద్రముపై ఉండవలెనను ఉద్దేశమే నశించును.

చివరకు 1923లో పదేండ్ల ఒప్పందము కుదిరెను. దాని ప్రకారము సింధియా కంపెనీ తీరపు సరకు రవాణాకే పరిమితము కావలెను. ఓడల పరిమాణమునకును హద్దు ఏర్పడెను. అది గౌరవప్రదమైన రాజీ కాదు. అయినను కంపెనీ బ్రతికెను. బ్రతికియున్న సంస్థ మరల పెరుగవచ్చును, అమ్ముడుపోయిన సంస్థకు ఆ అవకాశము లేదు. 1929లో నరోత్తమ్ మురార్జీ గారు మరణించిన పిదప వాల్చంద్ గారు అధ్యక్షులై ఇరువది యేండ్లకు పైగా దానిని నడిపిరి.

1939లో విమాన ప్రయాణమున విలియమ్ పాలీ అను అమెరికను వ్యాపారితో కలిగిన పరిచయము బెంగుళూరు కర్మాగారమునకు బీజమయ్యెను. మైసూరు ప్రభుత్వము భాగస్వామిగా 1940 డిసెంబరు 23వ తేదీన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ నమోదయ్యెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారితో కలిసి తలపెట్టిన మోటారు కార్ల కర్మాగారము మాత్రము పై ప్రభుత్వము అడ్డుపడుటచే మైసూరులో సాగలేదు. ఆ ఆశయము 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌గా రూపుదాల్చెను.

విశాఖపట్టణమున నౌకా నిర్మాణశాలకు 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన గావించిరి. మరుసటి యేడు ఏప్రిలులో జపాను బాంబులు ఆ పట్టణముపై పడెను, పని వెనుకబడెను. అయినను 1948 మార్చి 14వ తేదీన, 8,000 టన్నుల ‘జల ఉష’ నెహ్రూ గారి చేతులమీదుగా జలప్రవేశము చేసెను.

ఈ రెండు సంస్థలును వారి చేతిలో నిలువలేదు. 1942లో విమాన కర్మాగారము నిర్వహణ ప్రభుత్వపరమయ్యెను; వారి వాటాను ప్రభుత్వమే కొనెను. 1952లో నౌకాశాలలో అధికభాగము ప్రభుత్వము తీసికొనెను. ఇంచ్‌కేప్‌నకు అమ్మనన్నవారు ఇచ్చట ఎట్లు అప్పగించిరి? కారణము స్పష్టమే. అచ్చట అమ్మినచో పని ఆగిపోవును. ఇచ్చట చేతులు మారినను పని సాగును. విమానములకును, నౌకలకును కావలసినంత ధనము ఒక్క వర్తకుని కొట్టులో ఉండదు.

వారిలో లోపములు లేకపోలేదు. ఒక పని స్థిరపడకముందే మరియొకటి తలకెత్తుకొను స్వభావము వారిది. దాని బరువును తోడివారు, సోదరులు మోయవలసి వచ్చెను. 1949లో పక్షవాతము సోకెను. మరుసటి యేడు వారు వ్యాపారమునుండి తప్పుకొనిరి. 1953 ఏప్రిలు 8వ తేదీన గుజరాతులోని సిద్ధపురమున కన్నుమూసిరి. సింధియా కంపెనీ తరువాతి దశాబ్దములలో క్షీణించిపోయెను. బెంగుళూరు కర్మాగారము, విశాఖ నౌకాశాల మాత్రము నేటికిని పనిచేయుచున్నవి.

నేడు హోసూరు, బెంగుళూరులలో మన పిల్లలు స్టార్టప్‌ల పేర క్రొత్త కంపెనీలు పెట్టుచున్నారు; పెద్దలు వానికి పెట్టుబడి ఇచ్చుచున్నారు. కొందుమని ఎవరైన వచ్చినపుడు ధర ఎంతయని అడుగుట సహజము. అమ్మిన తరువాత మనము మొదలుపెట్టిన పని బ్రతుకునా యని ముందుగా అడుగవలెను. బ్రతుకునన్నచో విడుచుటకు వెనుదీయరాదు. బ్రతుకదన్నచో నష్టమునకోర్చి నిలువవలెను. పరిగ్రహమునకు హద్దు ఏర్పరచుకొనుట శ్రావకుల వ్రతములలో ఒకటి. ఆ హద్దు ఎచ్చట గీయవలెనో వర్తకునికి తెలియజెప్పు జీవితము వాల్చంద్ గారిది.