సింధియా పేరు వెనుక మనిషి

కొత్త పరిశ్రమలకు దీర్ఘకాలిక పెట్టుబడి అనే మాట రాజధానిలో ఇటీవల బహుళ ప్రచారం పొందింది. 2025 జూలై 1న కేంద్ర మంత్రివర్గం ప్రైవేటు రంగంలో పరిశోధనకూ, నూతన సాంకేతిక విజ్ఞానానికీ తోడ్పడే లక్ష కోట్ల రూపాయల నిధిని ఆమోదించింది. అదే ఏడాది సెప్టెంబరు 24న నౌకా నిర్మాణ రంగానికి 69,725 కోట్ల రూపాయల పథకాన్ని మంజూరు చేసింది. రెండింటి వెనుకా ఉన్న వాదన ఒక్కటే. ఏళ్ళ తరబడి ఫలితం కనిపించని, అసలు వస్తుందో రాదో తెలియని వ్యాపారానికి బ్యాంకులు డబ్బు పెట్టవు. పెట్టినా పంట చేతికి రాకముందే వాయిదా అడుగుతాయి. కాబట్టి ఓపికగల డబ్బు కావాలి.

వాదన సమంజసమే. కాని ఢిల్లీకి ఇది కొత్త ప్రశ్న కాదు. నూరేళ్ళ క్రితం షోలాపూరుకు చెందిన ఒక వర్తకుడు ఇదే ప్రశ్నను భారత ప్రభుత్వం గడప ముందు నిలిపి, మూడు దశాబ్దాలపాటు తీయకుండా కూర్చున్నాడు. ఆయన పేరు వాల్‌చంద్ హీరాచంద్. ఆ పేరు నేటి తరానికి అంతగా తెలియకపోవచ్చు గాని, ఆయన నడిపిన కంపెనీ పేరును విశాఖపట్నం వాసులు నిత్యం పలుకుతూనే ఉన్నారు. అక్కడి షిప్‌యార్డు పరిసరాలను జనం నేటికీ పిలిచేది సింధియా అనే.

వాల్‌చంద్ 1882 నవంబరు 23న షోలాపూరులో స్థిరపడిన ఒక గుజరాతీ జైన కుటుంబంలో జన్మించాడు. పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం ఆ ఇంటి వృత్తులు. ఇచ్చిన రూపాయి ఎప్పుడు తిరిగి వస్తుందో, ఎంత వడ్డీతో వస్తుందో ముందే లెక్కగట్టుకునే వృత్తులవి. ఈ యువకునికి అవి పట్టుబడలేదు. బొంబాయి, పూనా కళాశాలల్లో చదువు మొదలుపెట్టి పట్టా పుచ్చుకోకుండానే ఇంటికి చేరాడు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి మానుకున్న లక్ష్మణరావ్ ఫాటక్ అనే ఆయనతో కలసి బార్శీ లైట్ రైల్వే పనులకు గుత్తేదారు అయ్యాడు. కట్టలు పోయడం, వంతెనలు కట్టడం, కొండలు తొలవడం నేర్చుకున్నాడు. బోర్ ఘాట్ సొరంగాలు, సింధు నదిపై కాలాబాగ్ వంతెన వంటి పెద్ద పనులు తరువాతి కాలంలో ఆయన సంస్థల ఖాతాలో చేరాయి. 1926లో ఏర్పడిన హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీకి మూలం ఈ గుత్తపనులే.

ఆ గుత్తపనుల ప్రస్తావన ఇక్కడ ఊరికే తేలేదు. వాల్‌చంద్‌ను సాహసి అని పొగిడేవారు, దుస్సాహసి అని తెగిడేవారు ఇద్దరూ ఒక సంగతి మరచిపోతారు. తిండిగింజల గాదె వేరు, విత్తనాల గాదె వేరు అని రైతుకు తెలిసినట్లే ఆయనకూ తెలుసు. నిర్మాణం పనుల నుంచీ, ఆ తరువాత రావల్‌గావ్, వాల్‌చంద్‌నగర్ చక్కెర వ్యవసాయాల నుంచీ ఏటా వచ్చే రాబడి ఆయనకు తిండిగింజలు. ఓడలు, విమానాలు, మోటారు కార్లు విత్తనాలు. మొదటి గాదె ఖాళీ కాకుండా చూసుకున్నంత కాలమే రెండో గాదెకు ధైర్యం ఉంటుంది. ఆ చక్కెర వ్యవసాయం కూడా తొలుత చౌడునేలతోనూ రాళ్ళతోనూ కుస్తీయే అయిందన్నది వేరే కథ.

1919లో ఢిల్లీ నుంచి బొంబాయికి రైలులో వస్తూ, గ్వాలియర్ మహారాజా వద్ద ఉన్న లాయల్టీ అనే ఓడ అమ్మకానికి వచ్చిందని ఒక తోటి ప్రయాణికుని వల్ల ఆయన విన్నాడు. అది 1891లో కెనడియన్ పసిఫిక్ సంస్థకోసం కట్టిన స్టీమరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్పత్రి ఓడగా పనిచేసింది. వాల్‌చంద్‌కు అప్పటికి ఓడల వ్యాపారంలో ఓనమాలు తెలియవు. అయినా నరోత్తం మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయ్ సామల్‌దాస్‌లను కూడగట్టి దానిని కొనిపించాడు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అలా పుట్టింది; గ్వాలియర్ రాజవంశం పేరే దానికి పెట్టారు. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. దేశమంతటా జాతీయ నౌకాయాన దినంగా జరుపుకునేది ఆ తేదీనే.

ఉత్సవాలలో ఎవరూ చెప్పని విషయం ఏమంటే, వ్యాపారంగా లాయల్టీ ఓ విఫల ప్రయోగం. ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన ముసలి ఓడ. నాలుగేళ్ళు తిరగకుండానే, 1923లో, బొంబాయిలో తుక్కుకింద పోయింది. యుద్ధం ముగిసిన గిరాకీలో హెచ్చు ధరలు పలికిన ఓడల విలువ 1921 నాటికి ప్రపంచమంతటా కుప్పకూలింది. దానికి తోడు లార్డ్ ఇంచ్‌కేప్ అధిపత్యంలోని బ్రిటిష్ ఇండియా కంపెనీ రేట్ల యుద్ధం ప్రకటించింది. ఆ యుద్ధ తంత్రం తెలియనిది కాదు. 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్ళై స్థాపించిన స్వదేశీ ఓడల కంపెనీని అదే ఉపాయంతో ఊపిరాడకుండా చేశారు. పెద్ద కంపెనీ తన కిరాయిని ఖర్చుకన్న తక్కువకు దించుతుంది. చిన్న కంపెనీ ఆ ధరకు సరుకు మోస్తే నష్టం, మోయకపోతే రేవులో ఖాళీగా నిలవాలి. చిన్నది మునిగాక పెద్దది తన కిరాయిని యథాస్థానానికి చేరుస్తుంది. పిళ్ళై 1908లో జైలుకు వెళ్ళాడు, ఆయన ఓడలు పరుల పాలయ్యాయి.

సింధియా అలా మునిగిపోకపోవడానికి కారణం దేశభక్తి ఒక్కటే కాదు. పిళ్ళై కంపెనీకి లేనిది సింధియాకు ఉంది: నష్టాన్ని కొన్నేళ్ళు భరించగల పెద్ద మూలధనం, తొందరపడి అమ్ముకోని డైరెక్టర్లు. కంపెనీని కొనివేయడానికి ఇంచ్‌కేప్ సిద్ధపడినా వారు అమ్మలేదు. అయితే గెలవనూ లేదు. 1923లో పదేళ్ళకు ఒప్పందం కుదిరింది. సింధియా టన్నేజి 75,000 టన్నులు దాటరాదు. భారత, బర్మా, సింహళ తీరాల సరుకులతోనే తృప్తిపడాలి. కాకినాడ, విశాఖపట్నాల నుంచి పొట్ట చేతపట్టుకొని రంగూనుకు తరలిన తెలుగు కూలీల రాకపోకల మీద వచ్చే రాబడి బ్రిటిష్ ఓడలకే దక్కుతూ వచ్చింది. ఈ ఒప్పందాన్ని లొంగుబాటుగా తప్పుపట్టినవారు ఉన్నారు. నేను అలా అనుకోను. చావకుండా ఉండటమే ఆ దశలో ఆ కంపెనీ చేయగలిగిన పని, అది చేసింది.

ఆ పదేళ్ళలో పోరాటం సముద్రం మీద నుంచి శాసనసభలోకి మారింది. తీర వాణిజ్యాన్ని భారతీయ నౌకలకే ప్రత్యేకించాలని సారాభాయ్ నేమ్‌చంద్ హాజీ 1928లో కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టాడు. అది చట్టం కాలేదు. ఆస్ట్రేలియాకు, అమెరికాకు చెల్లిన న్యాయం భారతదేశానికి చెల్లకపోవడం నాటి వలస ప్రభుత్వ నీతి. తీర వాణిజ్యం పూర్తిగా మన ఓడలకు దక్కింది స్వాతంత్ర్యానంతరం, 1951లో. అంటే 1919లో వాటా కొన్నవాడు తన కంపెనీకి సమాన న్యాయం జరగడానికి ముప్పై రెండేళ్ళు వేచి ఉండవలసి వచ్చింది. నేటి నిధుల పత్రాల్లో దీర్ఘకాలం అనే మాట కనిపించినప్పుడు నాకు ఈ ముప్పై రెండేళ్ళే గుర్తుకు వస్తాయి.

1929లో నరోత్తం మొరార్జీ మరణానంతరం వాల్‌చంద్ సింధియాకు అధ్యక్షుడయ్యాడు. 1933 అక్టోబరు 7న విశాఖపట్నం రేవులోకి ప్రవేశించిన మొట్టమొదటి ఓడ జలదుర్గ ఆ కంపెనీదే. ఓడలు నడిపితే చాలదు, ఇక్కడే కట్టాలన్నది ఆయన పట్టుదల. కలకత్తాలో అనుకూలమైన షరతులపై స్థలం దొరకక విశాఖకు వచ్చాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించాడు. ప్రభుత్వం చేయి అందించలేదు. ప్రపంచం ఓడల కోసం అలమటిస్తున్న యుద్ధ సమయంలో ఒక భారతీయుడు తన డబ్బుతో నౌకా నిర్మాణశాల కట్టుకుంటానంటే, వలస ప్రభుత్వం దానికి ప్రాధాన్యం లేదని పక్కన పెట్టింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. పనులు స్తంభించాయి. కట్టుకున్నది కొంత, కట్టవలసినది కొండంత.

విమానాల కథ ఇంకా విచిత్రం. 1939 అక్టోబరులో అమెరికా నుంచి పసిఫిక్ మీదుగా తిరిగి వస్తున్న వాల్‌చంద్‌కు, చైనాలో విమానాల కర్మాగారం నడుపుతున్న విలియం పాలీ అనే అమెరికన్ విమానంలోనే పరిచయమయ్యాడు. మోటారు కార్ల ఒప్పందం కోసం వెళ్ళిన మనిషి విమానాల ఆలోచనతో దిగాడు. ప్రభుత్వం మొదట పెడచెవిని పెట్టింది. ఐరోపాలో ఫ్రాన్సు పతనమయ్యాక ధోరణి మారింది. కాని ముందుగా ముందుకు వచ్చింది ఢిల్లీ కాదు, మైసూరు. దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్ బెంగుళూరులో 700 ఎకరాల భూమినీ, 25 లక్షల రూపాయల వాటా ధనాన్నీ ఇచ్చాడు. 1940 డిసెంబరు 23న హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ రిజిస్టరయింది. ఏడాది తిరగకుండానే, 1941లో, అక్కడ కూర్చిన హార్లో శిక్షణ విమానం ఎగిరింది. ఒక చిన్న సంస్థానం తన ఖజానా నుంచి, తనకు అనుభవం లేని విద్యపై, పూర్వాపరాలు లేని కంపెనీలో వాటాదారుగా చేరడం ఆ రోజులలో అరుదైన సాహసం. మన రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టుబడి సదస్సులలో ఒప్పంద పత్రాలు లెక్కించుకుంటున్న కాలంలో ఈ మైసూరు ఉదాహరణను ఎవరూ తలచుకోరేమో.

1942లో, జపాను సేనలు బర్మా దాటి వస్తాయన్న భయంలో, భారత ప్రభుత్వం వాల్‌చంద్ వర్గం వాటాలను కొనివేసి కర్మాగారాన్ని తన అధీనంలోకి తీసుకుంది. మొలక భూమిని చీల్చుకు రాగానే విత్తినవాడు గట్టు దిగవలసి వచ్చింది. మోటారు కార్ల పరిశ్రమదీ దాదాపు ఇదే గతి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆ పథకం కోసం తిరగని చోటు లేదు. బొంబాయిలో కాంగ్రెసు మంత్రివర్గం సానుభూతి చూపింది గాని, 1939లో రాజీనామా చేసింది. చివరకు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఏర్పడి, క్రిస్లర్ సహకారంతో కుర్లాలో పని ప్రారంభించింది.

వాల్‌చంద్‌ను రుషిని చేయడం నా ఉద్దేశం కాదు. లాభం కోసమే వ్యాపారం చేశాడు. స్వదేశీ నినాదం ఆయనకు విశ్వాసమూ, వాణిజ్య ఆయుధమూ రెండూ అయింది. ఇంచ్‌కేప్ గుత్తాధిపత్యాన్ని ఎదిరించిన సింధియాయే పెద్దదయ్యాక తమను మింగజూస్తున్నదని చిన్న భారతీయ ఓడల కంపెనీలు ఆరోపించాయి. 1939లో బాంబే స్టీమ్ నావిగేషన్‌ను అది తనలో కలుపుకుంది కూడా. పైగా ఆయన పణంగా పెట్టినది తన సొమ్ము మాత్రమే కాదు. సింధియా వాటాలు కొన్న మధ్యతరగతి మనిషికి చక్కెర తోట లేదు, సొరంగాల గుత్త లేదు. అతనికి ఉన్నది ఒకే గాదె. కొత్త పరిశ్రమల్లో పెట్టుబడి పెట్టమని ప్రజలను ఉత్సాహపరిచే మంత్రులు ఈ తేడాను సాధారణంగా విస్మరిస్తారు.

1948 మార్చి 14న విశాఖపట్నంలో జలఉషను ప్రధాని నెహ్రూ సముద్రంలోకి విడిచాడు. 8,000 టన్నుల ఆ స్టీమరు స్వతంత్ర భారతంలో తయారైన తొలి పెద్ద ఓడ. కాని పండుగ ముగిసిన మర్నాడే లెక్కలు మొదలయ్యాయి. ఇక్కడ కట్టిన ఓడకు బ్రిటనులో కట్టిన ఓడకన్న ఖరీదెక్కువ. కొత్త కార్మికులు, దిగుమతి యంత్రాలు, ఏడాదికి ఒకటి రెండు ఓడల పని. కొనేవాడు లేని యార్డు ఎంతటి ఓపికగల డబ్బునైనా హరించివేస్తుంది. ప్రభుత్వమే ఓడలకు ఆర్డర్లు ఇచ్చి, ధరల వ్యత్యాసాన్ని భరించి, 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు ఏర్పాటు చేసి మూడింట రెండు వంతుల వాటా తీసుకుంది. మిగిలిన వంతు 1961లో తీసుకుంది. 1941లోనే ఆ ఆర్డర్లు వచ్చి ఉంటే యార్డు ఆ దుస్థితికి చేరేది కాదని నా అభిప్రాయం. ఈనాటి లక్ష కోట్ల నిధి విషయంలోనూ నేను అధికారులను అడుగుతున్న ప్రశ్న ఇదే: డబ్బు ఇచ్చేవారు సరే, తయారైన వస్తువును మొదట కొనేదెవరు? సూటిగా జవాబిచ్చినవారు తక్కువ.

వాల్‌చంద్ 1949లో పక్షవాతానికి గురయ్యాడు. 1950లో వ్యాపార బాధ్యతల నుంచి తప్పుకొని, 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో కన్నుమూశాడు. ఆయన నాటిన వాటిలో సింధియా నౌకలు ఇప్పుడు లేవు. ప్రీమియర్ పద్మిని కారు తయారీ నిలిచిపోయి పాతికేళ్ళవుతోంది. బెంగుళూరు కర్మాగారం 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌గా మారింది. 2024 అక్టోబరులో దానికి మహారత్న హోదా లభించింది. విశాఖ షిప్‌యార్డును 2010లో నౌకాయాన శాఖ నుంచి రక్షణ శాఖకు బదిలీ చేశారు. దాని ప్రధానమైన కొనుగోలుదారు ఇప్పుడు నౌకాదళం.