గోడలు దాటిన తరంగం: ఆచార్య జగదీశచంద్ర బోసు

పరభాషల నడుమ ఉగాది జరుపుకొనే మన కుటుంబాలలోని పిల్లలకు చెప్పదగిన జీవితాలలో ఆచార్య జగదీశచంద్ర బోసు గారిది ఒకటి. వారు 1858 నవంబరు 30వ తేదీన తూర్పు వంగదేశంలో, అనగా నేటి బంగ్లాదేశ్‌లో, జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోసు గారు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదాగలవారు తమ పిల్లలను ఇంగ్లీషు బడికి పంపడం పరిపాటిగా ఉన్న రోజులవి. వారు మాత్రం, పరభాషకంటె ముందు సొంత భాష, సొంత జనం తెలియాలని తలచి, కుమారుణ్ణి వంగభాషా పాఠశాలలో చేర్చారు. అక్కడ ఆ బాలుని సరసన కూర్చున్నవారు ఒక జాలరి కొడుకు, తండ్రివద్ద పనిచేసే ముస్లిం నౌకరు కొడుకు. వారు చెప్పే పక్షుల కథలు, జలచరాల కథలు వింటూ అతనికి ప్రకృతిమీద మక్కువ కలిగింది.

కలకత్తాలో సెయింట్ జేవియర్ కళాశాలలో చదివి, 1880లో వైద్యవిద్యకై లండను వెళ్ళారు. జ్వరం పీడించినందున వైద్యం మాని, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రాలు చదివారు. అచ్చట వారి గురువులలో ఒకరు లార్డు రేలీ.

1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైనారు. అప్పట్లో భారతీయులకు ఇంగ్లీషువారి జీతంలో మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. తాత్కాలిక నియామకం కావడంచేత బోసు గారికి అందులోనూ సగమే. తండ్రి అప్పులలో ఉన్నారు. అయినను బోసు గారు మూడేళ్ళు జీతం ముట్టకుండా, ఒక్క పాఠమైనా ఎగ్గొట్టకుండా పనిచేశారు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి, మూడేళ్ళ బాకీ పూర్తిగా చెల్లించింది. ఆ సొమ్ము తండ్రి అప్పులు తీర్చడానికి వినియోగపడింది. 1887లో వారిని వివాహమాడిన అబలాదేవి గారు అంతకుముందు మద్రాసులో వైద్యవిద్య అభ్యసించినవారు. ఆ రోజుల్లో కలకత్తా వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొనేది కాదు.

1894లో ఒక చిన్న గదిలో, స్థానికుడైన పనివాని సాయంతో పరికరాలు చేయించుకొని, విద్యుత్తరంగాల పరిశోధన ప్రారంభించారు. ఇతరులు పొడవైన తరంగాల వెంట పడుతుండగా, వీరు 5 మిల్లీమీటర్లంత పొట్టి తరంగాలను పుట్టించారు. 1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆ తరంగాలు గోడలు దాటి వెళ్ళి, అవతల గంట మోగించి, తుపాకిమందును పేల్చాయి. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనూ ప్రదర్శించారు. తరంగాలను నడపడానికి వారు వాడినవి బోలు గొట్టాలు, గరాటు వంటి కొమ్ములు.

ఆ 1897లోనే గురువు రేలీ గారు బోలు లోహపు గొట్టంలో తరంగం ఎట్లా నడుస్తుందో గణితంతో నిరూపించారు. గొట్టపు వెడల్పుతో పోల్చి తరంగం తగినంత పొట్టిగా ఉంటేనే సాగుతుంది, లేకుంటే చచ్చిపోతుంది. రోడ్డు సొరంగం కూడా ఒక పెద్ద గొట్టం వంటిదే. బొంబాయి–పూనా ఎక్స్‌ప్రెస్ రోడ్డుమీద ఘాట్ సొరంగాలలో దూరి వెళ్ళే మనవారికి ఇది అనుభవమే. మీడియం వేవ్ తరంగం వందల మీటర్ల పొడవు గనుక ముఖద్వారం దాటగానే రేడియో మూగవోతుంది. నేడు కారుకూ కారుకూ మాట కలిపే తరంగం సుమారు 5 సెంటీమీటర్లే. అది గోడలకు తగిలి తిరిగి లోనికి సాగుతుంది. మొదట హెచ్చుతగ్గులతో వేగంగా తగ్గి, కొంతదూరం పోయాక నెమ్మదిగా నీరసిస్తుంది. నిటారైన సొరంగంలో ఆ దూరపు నష్టం తరంగపు పొడవు సగమైతే నాలుగో వంతుకు, సొరంగం వెడల్పు, ఎత్తు రెట్టింపైతే ఎనిమిదో వంతుకు దిగుతుందని 1975లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. వంపులు, గరుకు గోడలు, అడ్డంగా నిలిచిన లారీలు ఈ లెక్కను తారుమారు చేస్తాయి. లోపల ఉపగ్రహ సహాయం అందదు. ముందు బండి హఠాత్తుగా ఆగితే ఆ వార్త వెనుక బండికి చేరుతుందా లేదా అన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం.

బోసు గారు సొరంగాల గురించి ఆలోచించలేదు. అయినను నేటి కార్ల రాడారు తరంగం సుమారు 4 మిల్లీమీటర్లు. అది వారు ఆ చిన్న గదిలో నడిపిన తరంగానికి పక్కింటి చుట్టమే. తమ పరికరానికి 1904లో అమెరికాలో పేటెంటు లభించినను, దానితో ధనార్జనకు వారు పూనుకోలేదు. తరువాత మొక్కల జీవక్రియలపై కృషిచేశారు. 1917 నవంబరు 30న, తమ జన్మదినాననే, కలకత్తాలో బోసు పరిశోధనా సంస్థను స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యులైనారు. 1937 నవంబరు 23న గిరిధిలో కన్నుమూశారు.

ఇంత పేరు గడించినను, వంగభాషలో వ్యాసాలు వ్రాసి 1921లో 'అవ్యక్త' అనే పుస్తకంగా ప్రకటించారు. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లవాడు చదువులో వెనుకపడతాడేమోనని శంకించే తల్లిదండ్రులు మనలో లేకపోలేదు. వారు ఈ జీవితాన్ని ఒకసారి తలచుకొందురుగాక. మాతృభాషలో విన్న కథలు ఆ బాలుణ్ణి ఏ ప్రయోగశాలకూ దూరం చేయలేదు.