ఒమాహా బిడ్డ డాక్టర్ సూసన్

ఏజెన్సీ అన్న మాట మనకు కొత్త కాదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, మిస్సోరీ నది పక్కన ఒమాహా ఆదివాసులు ఉండే చోటుకు కూడా అప్పట్లో సర్కారు కాగితాల్లో ఒమాహా ఏజెన్సీ అనే పేరు ఉండేది. 1865 జూన్ 17న అక్కడ పుట్టిన సూసన్ లఫ్లెష్, అమెరికా ఆదివాసీ మహిళల్లో వైద్య పట్టా అందుకున్న మొదటి వ్యక్తి. మన గూడేల నుంచి నర్సింగ్‌కూ ఎంబీబీఎస్‌కూ వెళ్తున్న పిల్లలు ఆమె గురించి తెలుసుకోవాలని ఈ సంచికలో రాస్తున్నాం.

తండ్రి జోసెఫ్ లఫ్లెష్ ఒమాహా తెగకు పెద్ద. తమవాళ్లు ఆయన్ను ఇనుప కన్ను అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. తెల్లవాళ్ల చదువు రాకపోతే తెగ బతకదని ఆయన గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే కూతుళ్లకు తెగ ఆచారం ప్రకారం వేయాల్సిన పచ్చబొట్టు కూడా వేయనివ్వలేదు. పచ్చబొట్టును గౌరవించే మనకు ఇది కాస్త కష్టంగానే అనిపిస్తుంది. తల్లి మేరీది మరో తీరు. ఆమెకు ఇంగ్లీషు అర్థమయ్యేది, కానీ ఇంట్లో తమ భాష తప్ప మరో మాట మాట్లాడేది కాదు.

సూసన్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక రాత్రి జబ్బుపడిన ముసలావిడ పక్కన కూర్చుంది. ఏజెన్సీ డాక్టరుకు నాలుగుసార్లు కబురు పంపారు. నాలుగుసార్లూ వస్తానన్నాడు, రాలేదు. తెల్లారేసరికి ఆవిడ ప్రాణం పోయింది. డోలీ మోసిన వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

వర్జీనియాలోని హాంప్టన్ విద్యాలయంలో చదువు ముగించి, 1886లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరింది. అదే ఏడాది మార్చిలో అక్కడి నుంచి పట్టా పుచ్చుకున్న విద్యార్థినుల్లో మన దేశానికి చెందిన ఆనందీబాయి జోషీ ఉంది. సూసన్ చదువు ఖర్చును కనెక్టికట్‌లోని ఒక మహిళా సంఘమూ, ప్రభుత్వమూ భరించాయి. పట్టా వచ్చాక కొన్నేళ్లపాటు పెళ్లి చేసుకోకూడదన్నది సంఘం పెట్టిన షరతు.

అంత దూరంలో ఉన్నా మనసు ఇంటి మీదే. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఏం చేయాలో ఉత్తరాల్లో రాసేది. 1888 సెప్టెంబరులో తండ్రి కన్నుమూశాడు. చదువు ఇంకా ఆరు నెలలు మిగిలి ఉంది. వదిలేసి ఇంటికి వచ్చేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. 1889 మార్చిలో 36 మంది ఉన్న తరగతిలో మొదటి స్థానంతో బయటికి వచ్చింది.

పెద్ద నగరంలో ఉండిపోకుండా ఏజెన్సీకే తిరిగొచ్చింది. మొదట బడిపిల్లల డాక్టరు, కొద్ది కాలానికే తెగ మొత్తానికీ, అంటే 1,200 మందికి పైగా ఉన్న జనానికి, ఆమె ఒక్కతే డాక్టరు. జీతం ఏడాదికి 500 డాలర్లు. గడ్డకట్టే చలిలో గుర్రం మీద, బండి మీద మైళ్ల కొద్దీ తిరిగేది. రాత్రివేళ రోగులు దారి తప్పకుండా ఇంటి కిటికీలో దీపం పెట్టేది. అమ్మ పట్టు పట్టి నిలిపిన భాష ఇక్కడ అక్కరకొచ్చింది. రోగి తన బాధను తన మాటలోనే చెప్పుకోగలిగాడు.

1892 చివరిలో సూసన్ మంచం పట్టింది. మెడ, తల, వెన్ను విపరీతమైన నొప్పి. అదే రోజుల్లో తల్లికీ జబ్బు చేసింది. తెగంతటికీ ఒక్క డాక్టరు. ఆ డాక్టరు ఇంట్లోనే అమ్మ మంచాన ఉంది. ఎవర్ని చూడాలి? ఉద్యోగం మానితే అన్నేళ్లు చదివించిన వాళ్లకూ, రోజూ గుమ్మంలో నిలబడే రోగులకూ ఏం చెప్పాలి? 1893లో రాజీనామా చేసి అమ్మ దగ్గర ఉండిపోయింది. దీన్ని వెనకడుగు అనేవాళ్లు ఉండొచ్చు. మేము అలా అనుకోవడం లేదు. జబ్బుపడ్డ అమ్మను చూసుకోవడం కూడా ఆమె నేర్చిన పనే. పైగా వదిలింది సర్కారు కొలువును, వైద్యాన్ని కాదు.

1894లో హెన్రీ పికోట్‌ను పెళ్లాడి బాన్‌క్రాఫ్ట్ ఊళ్లో సొంతంగా వైద్యం మొదలుపెట్టింది. ఆదివాసులూ తెల్లవాళ్లూ అందరూ వచ్చేవారు. ఇద్దరు కొడుకులు పుట్టారు. భర్త క్షయతోనూ తాగుడుతోనూ క్షీణించి 1905లో చనిపోయాడు. తాగుడు మీద ఆమె పోరాటం అంతకు ముందే మొదలైంది, ఇంట్లో దెబ్బ తగిలాక కూడా ఆపలేదు. క్షయ ఒకరి నుంచి ఒకరికి పాకకుండా అందరూ ఒకే గ్లాసుతో నీళ్లు తాగే అలవాటు మానమని ఊరూరా చెప్పింది. ఈగలు రాకుండా తలుపులకు జాలీ పెట్టించింది. 1910లో తెగవారి భూముల తరఫున వాషింగ్టన్ దాకా వెళ్లి మాట్లాడింది.

ఇన్ని చేస్తున్నా ఒక కోరిక మిగిలే ఉంది, తమ ప్రాంతంలో ఆసుపత్రి. ప్రభుత్వ డబ్బుతో కాదు, విరాళాలు పోగుచేసి వాల్ట్‌హిల్‌లో కట్టించింది. 1913లో దాని తలుపులు తెరుచుకున్నాయి. అప్పటికే ఎముకల జబ్బు ఆమెను పట్టి పీడిస్తోంది, వినికిడి కూడా పోతోంది. 1915 సెప్టెంబరు 18న, 50 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆ ఆసుపత్రి భవనం ఆమె పేరుతో ఇప్పటికీ వాల్ట్‌హిల్‌లో ఉంది.