రెండువేల రూపాయల విడుదల

1888వ సంవత్సరం జూలై మాసంలో బొంబాయి నగరాన ఒక రాజీ కుదిరింది. దాదాజీ భికాజీ అనే గృహస్థు తన భార్య రుక్మాబాయి పక్షంనుండి రెండువేల రూపాయలు పుచ్చుకొని, ఆమె తన ఇంటికి కాపురానికి రావలెనన్న హైకోర్టు ఉత్తరువును ఇక అమలు జరిపించనని ఒప్పుకొన్నాడు. ఆ పైకం వ్యాజ్యపు ఖర్చుల పేర చెల్లింది. దానితో నాలుగేండ్ల వివాదం ముగిసింది. వివాహం మాత్రం ముగియలేదు. రుక్మాబాయి జీవితకథలోని చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

ఆమె 1864 నవంబరు 22న బొంబాయిలో జన్మించింది. పసితనంలోనే తండ్రి జనార్దన పాండురంగ గతించాడు. తల్లి జయంతీబాయికి అప్పటికి ఇరువదేండ్లయినా నిండలేదు. వారిది వడ్రంగి కులం; వితంతువు మారుమనువాడటం ఆ కులంలో తప్పుగాదు. కొన్నేండ్లకు జయంతీబాయి డాక్టరు సఖారామ్ అర్జున్‌ను వివాహమాడింది. అంతకుముందే భర్త ఆస్తిని కూతురి పేర వ్రాసింది. ఆ ఆస్తి సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలె.

రుక్మాబాయికి పదకొండవ ఏట పెండ్లి జరిగింది. వరుడు దాదాజీ మారుతండ్రికి బంధువు, పంతొమ్మిదేండ్లవాడు. అతడు ఇల్లరికం ఉండి చదువుకొనవలెనని పెద్దల ఒప్పందం. అతడికి చదువు అంటలేదు. ఆ ఇల్లు విడిచి మేనమామ పంచన చేరాడు. రుక్మాబాయి పుట్టింటనే ఉండి ఇంటిలోనే చదువుకొన్నది. ఏండ్లు గడిచిన కొలదీ ఆ మనిషితో కాపురం తనవల్ల గాదని ఆమెకు స్థిరపడింది. 1884 మార్చిలో దాదాజీ న్యాయవాదులచేత నోటీసు ఇప్పించాడు. పిమ్మట దావా పడింది.

ఆనాడు విడాకులకై దావా వేసే వీలు హిందూ స్త్రీకి హైకోర్టులో లేదు. కుల పంచాయతీల ఆచారాల మాట వేరు. క్రైస్తవులకు 1869లోనే విడాకుల చట్టం వచ్చింది. హిందువులకు అట్టిది లేదు. కాబట్టి రుక్మాబాయి చేయగలిగినదల్లా ప్రతివాదిగా నిలబడి రానని చెప్పటమే. అట్లా చెప్పటానికి సైతం డబ్బు కావలె. ఆనాడు బొంబాయి హైకోర్టు అసలు విభాగంలో కక్షిదారుడు బారిష్టరును తానుగా పెట్టుకొనే వీలు ఉండేదికాదు. ముందు సొలిసిటరును కుదుర్చుకొనవలసి ఉండేది, ఆయన కాగితాలు సిద్ధంచేసి బారిష్టరుకు ఒప్పగించేవాడు. ఒక్క పనికి ఇద్దరి రుసుములు! వాయిదా పడినకొద్దీ రెండూ పెరిగేవి. ఓడినవాడు గెలిచినవాని ఖర్చులిచ్చుకొనటం మర్యాదేగాని, కోర్టు కట్టించే మొత్తం నిజంగా అయిన ఖర్చుకు సరిపోవటం అరుదు. అంటే గెలిచినా కొంత నష్టమే. ఇట్టి సమయంలో, 1885 ఏప్రిల్‌లో, ఆమెకు అండగా నిలిచిన సఖారామ్ అర్జున్ కన్నుమూశాడు. తండ్రి మిగిల్చిన ఆస్తి లేకుంటే ఆమె ఎంతవరకు పోరాడగలిగేదో ఊహించుకొనవచ్చు. దాదాజీ పక్షంవారి చూపు కూడ ఆ ఆస్తిమీదనే ఉన్నదని ఆమె వైపువారి వాదం.

1885 సెప్టెంబరు 21న న్యాయమూర్తి పిన్హీ దావా కొట్టివేశాడు. ఎన్నడూ కాపురం చేయని స్త్రీని బలవంతాన పంపటం హిందూ ధర్మశాస్త్రంలో లేదనీ, ఇట్టి దావా ఇంగ్లండునుండి దిగుమతియైన సరుకనీ ఆయన అభిప్రాయం. భార్యను గుర్రంగానో ఎద్దుగానో భావించి స్వాధీనం కోరరాదని మందలించి, ఖర్చులు దాదాజీమీదనే వేశాడు. దేశమంతటా అలజడి రేగింది. ‘కేసరి’ పత్రికలో తిలక్ ఆ తీర్పును ఖండించాడు. బెహ్రామ్‌జీ మలబారీ మొదలైన సంస్కర్తలు ఆమె పక్షాన నిలిచారు. మరుసటి ఏడు అప్పీలులో ఆ తీర్పు నిలువలేదు. వ్యాజ్యం మళ్లీ విచారణకు వచ్చింది. 1887 మార్చి 4న న్యాయమూర్తి ఫారన్, నెలలోగా భర్త ఇంటికి పోవలెననీ, కాదంటే ఆరునెలల ఖైదుకు లోనుకావలెననీ ఉత్తరువిచ్చాడు. ఖైదుకైనా సిద్ధమేనని రుక్మాబాయి జవాబు. ఏ దేశపు దావాను దిగుమతి చేసికొన్నామో, ఆ ఇంగ్లండులో ఈ ఖైదును 1884లోనే తొలగించి ఉండటం విచిత్రం.

ఆమెకోసం రక్షణ సంఘం ఏర్పడి చందాలు పోగుచేసింది. అప్పీలు చేయబూనారు. కాని మళ్లీ బారిష్టర్లు, మళ్లీ రుసుములు, చివరకు గెలుపు నమ్మకం లేదు. రెండు పక్షాలూ అలసిన తరువాత కుదిరిందే ఆ రాజీ. విక్టోరియా రాణి ఆ వివాహాన్ని రద్దుచేసినదని తరువాత కథలు అల్లుకొన్నవిగాని, రాణికంటె రెండువేలే ఎక్కువ పనిచేసినవి.

ఆ ధనం కొన్నది విడాకులు గాదు, ఖైదునుండి విడుదల మాత్రమే. మరుసటి ఏడు దాదాజీ మరొక పెండ్లి చేసికొన్నాడు. ఆనాటి ధర్మం పురుషుని అడ్డగించలేదు. రుక్మాబాయి మాత్రం 1904లో అతడు మరణించేవరకు అతని భార్యగానే లెక్క. అతడు పోయినప్పుడు ఆమె వైధవ్యచిహ్నంగా తెల్లచీర కట్టినదని చెప్పుతారు. అంత పోరాడిన మనిషి ఆ చీర ఎందుకు కట్టినదో తీర్మానించటం మనకు తగదు.

1889లో కామా ఆసుపత్రి వైద్యురాలు ఈడిత్ పీచీ ప్రోత్సాహంతో ఆమె ఇంగ్లండు వెళ్లి, లండను స్త్రీల వైద్యవిద్యాలయంలో చేరింది. 1894లో పట్టభద్రురాలై తిరిగివచ్చింది. మనదేశంలో వైద్యవృత్తి సాగించిన తొలి స్త్రీలలో ఆమె ఒకతె. సూరతులోను, పిమ్మట రాజకోటలోను సుమారు ముప్పదియైదేండ్లు స్త్రీల ఆసుపత్రులలో పనిచేసింది.

హిందూ వివాహ చట్టం 1955 మే 18న అమలులోకి వచ్చేనాటికి ఆమె తొంబదేండ్ల వృద్ధురాలు. విడాకుల దారి తెరచిన ఆ చట్టంలో ఇరువదినాలుగవ సెక్షనొకటున్నది. సంపాదన చాలని భార్యకుగాని భర్తకుగాని వ్యాజ్యపు ఖర్చులు ఎదుటి పక్షం భరించవలెనని కోర్టు ఆదేశించవచ్చు. కాపురానికి పిలిచే దావా మాత్రం తొమ్మిదవ సెక్షనుగా అందులోనే నిలిచింది. దానికి ఖైదు శిక్ష 1923లోనే పోయింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షను రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయగా, మరుసటి ఏడు సుప్రీంకోర్టు దానిని నిలబెట్టింది.

రుక్మాబాయి ఇవన్నీ చూడలేదు. కొత్త చట్టం వచ్చిన నాలుగు నెలలకు, 1955 సెప్టెంబరు 25న, ఆమె మరణించింది.