పంటికి పట్టు దొరికింది ఆయన వల్లే!

సీతమ్మధారలోని ఏదో ఒక డెంటల్ క్లినిక్‌లో మీరు రూట్ కెనాల్ చేయించుకున్నారనుకోండి. పైన పర్మనెంట్ ఫిల్లింగ్ పెట్టే ముందు డాక్టర్ పంటికి ఓ జెల్ పూసి, కొద్ది సెకన్లకే కడిగేస్తారు. ఆ పద్ధతికి ఆద్యుడు మైఖేల్ బ్యూనోకోర్.

ఆయన అమెరికాలోని రోచెస్టర్‌లో, ఈస్ట్‌మన్ దంత వైద్య సంస్థలో పనిచేసిన పరిశోధకుడు. అప్పట్లో ఫిల్లింగ్ ఊడిపోకుండా ఉండాలంటే బాగున్న పన్నును కూడా కొంత తొలచాల్సి వచ్చేది. లోహానికి రంగు గట్టిగా అంటుకునేందుకు ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారన్న సంగతి ఆయనను ఆలోచింపజేసింది. ఉక్కు నగరంలో ఉండే మీకు ఈ పని కొత్త కాకపోవచ్చు. 1955లో ఆయన 85 శాతం ఆమ్లాన్ని 30 సెకన్లు ఎనామిల్‌పై ఉంచి చూశారు. కంటికి కనిపించని గుంతలు పడ్డాయి. రెజిన్ వాటిలోకి దిగి పట్టుకుంది. తర్వాత దవడ పళ్ల గాళ్లను మూసే సీలెంట్లకూ ఆయనే బాట వేశారు. 1981లో కన్నుమూశారు.

అయితే వేరు లోపలి సంగతి వేరు. అక్కడుండే డెంటిన్‌లో తడి ఎక్కువ, పట్టు తేలిగ్గా దొరకదు. లోపల నింపే గట్టాపర్చా తనంతట తాను పంటికి అంటుకోదు. చుట్టూ ఉన్న సందును సీలర్ పూడ్చాలి. పైన ఫిల్లింగ్, క్యాప్ బిగుతుగా లేకపోతే లాలాజలంతో పాటు సూక్ష్మజీవులు మళ్లీ దిగుతాయి. నరం తీసేసిన పన్ను కనుక వెంటనే నొప్పీ తెలియదు. అందుకే నొప్పి తగ్గిందని తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే నెలలు గడిపేయకండి. డాక్టర్ చెప్పిన గడువులోగా చికిత్స పూర్తి చేయించుకోండి.