మారిన ద్వారము – మారని పిలుపు
(డాక్టరు ఐడా స్కడ్డరు అమ్మగారి జీవితము)

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 18:24–28



అపొల్లో మాట నేర్పరి, లేఖనములు బాగుగా నెరిగినవాడు. ఎఫెసు సమాజమందిరములో జంకు లేక బోధించుచుండెను. అయినను అతడు నేర్చినది యోహాను బాప్తిస్మము వరకే. డేరాలు కుట్టుకొని బ్రతుకు అకులయు ప్రిస్కిల్లయు అతని బోధ వినిరి. నలుగురిలో అతనిని తప్పు పట్టలేదు. తమ యింటికి పిలుచుకొనిపోయి, మిగిలిన సంగతి నెమ్మదిగా నేర్పిరి. అపొల్లో అలుగలేదు. ఇంతకాలము బోధించితిని గదా, ఇంకను నేర్చుకొననేల అని తర్కించలేదు. నేర్చుకొనెను. సహోదరులు వ్రాసియిచ్చిన పత్రిక చేతపట్టుకొని అకయకు వెళ్లి, అక్కడి విశ్వాసులకు ఎంతో సహాయము చేసెను.

ఈ నెల ఈ భాగమును మేము ఎన్నుకొనుటకు కారణము కలదు. మన గ్రామ సంఘములనుండి ఎందరో ఆడపిల్లలు ఆసుపత్రులలో చేరి రోగులకు పరిచర్య చేయుచున్నారు. ఒకప్పుడు పదవ తరగతి చదివిన పిల్లకు ఏ.ఎన్.ఎం. శిక్షణలో చోటు దొరకుచుండెను. ఇప్పుడు ఇంటర్మీడియెటు కావలెను. పెద్ద నర్సుల సహవాసములో చేతిపనిగా మాత్రమే నేర్చుకొన్నవారికి, ఎంత నైపుణ్యమున్నను, నర్సని పేరు దొరకుట లేదు. చదువు ముందుకు సాగించవలెనా, ఆ పనియే మానుకొనవలెనా అని తలిదండ్రులు మమ్మును అడుగుచున్నారు. దీనికి జవాబుగా, మన పొరుగుననే వేలూరులో జీవించిన ఒక ప్రభువు దాసురాలి చరిత్రను మీ ముందుంచుచున్నాము.

పిలుపు

ఐడా సోఫియా స్కడ్డరు 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించెను. ఆమె తాతగారు డాక్టరు జాన్ స్కడ్డరు అమెరికానుండి తూర్పు దేశములకు వచ్చిన మొదటి వైద్య మిషనెరీ. తండ్రియు డాక్టరే. వారి ఆర్కాటు మిషను అరవ ప్రాంతములతోపాటు మన మదనపల్లె ప్రాంతమునను సేవ చేసెను. అచ్చటి మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి ఆ మిషనుదే. 1876–78 నాటి గొప్ప కరవును ఐడా పసితనమున కన్నులార చూచెను. పిమ్మట అమెరికాకు వెళ్లి, మూడీగారు నార్త్‌ఫీల్డులో స్థాపించిన బాలికల పాఠశాలలో చదివెను. హిందూదేశములో మిషనెరీగా ఉండుటకు ఆ దినములలో ఆమెకు ఏమాత్రమును ఇష్టము లేదు.

1890లో తల్లి జబ్బుపడినందున ఆమెకు సహాయము చేయుటకు మాత్రమే తిండివనము వచ్చెను. ఒక రాత్రి ఒకరి వెనుక ఒకరుగా ముగ్గురు మనుష్యులు ఆ యింటి తలుపు తట్టిరి. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు మహమ్మదీయుడు, మరియొకరు మరియొక కులపు హిందువు. ముగ్గురి ఇండ్లలోను భార్యలు ప్రసవవేదన పడుచుండిరి. డాక్టరుగారైన తండ్రి వచ్చునని ఐడా చెప్పెను. పురుషుడు తమ స్త్రీలను ముట్టుట తమ ఆచారము కాదనియు, ఆమెయే రావలెననియు వారు కోరిరి. ఏ వైద్యమును నేర్వని ఆమె ఏమి చేయగలదు? ముగ్గురును నిరాశతో తిరిగిపోయిరి. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరని తెలిసెను. ఐడా ప్రభువు సన్నిధిని మోకరించి, వైద్యము నేర్చి ఈ దేశపు స్త్రీలకొరకు తిరిగివచ్చుటకు తీర్మానించుకొనెను.

ఒక సంగతి గమనింపుడి. ఆ రాత్రి ఆమెకు జాలి కలదు, ప్రార్థన కలదు. నేర్పు లేదు. నేర్పు లేని జాలి ఆ ముగ్గురిలో ఒకరినైనను బ్రతికించలేకపోయెను.

చదువు, సేవారంభము

1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో ఆమె చేరెను. 1898లో న్యూయార్కు నందు కార్నెల్ వైద్య కళాశాల తెరువబడి, స్త్రీలకును ప్రవేశము నిచ్చెను. చేరిన చోటనే ముగించుట సులభము. అయినను ఆమె చివరి సంవత్సరమునకు అక్కడికి మారి, 1899లో పట్టము పొందెను. ద్వారము తెరువబడినప్పుడు ప్రయాసపడియైనను ప్రవేశించుట ఆనాటినుండియే ఆమె అలవాటు.

రాబర్ట్ షెల్ అను ధనవంతుడు మరణించిన తన భార్య జ్ఞాపకార్థము ఆసుపత్రికై 10,000 డాలర్లు ఇచ్చెను. 1900 సంవత్సరారంభమున ఐడా వేలూరు చేరెను. కొలది నెలలకే తండ్రి ప్రభువునందు నిద్రించెను. అండగా ఉండవలసిన అనుభవశాలియైన వైద్యుడు పోయెను. ఆమె బంగళాలోని ఒక చిన్న గదిలో మందులిచ్చుట మొదలుపెట్టి, రెండు సంవత్సరములలో 5,000 మందిని చూచెను. 1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరువబడెను.

అప్పటి సహాయకురాలు ఎవరు? ఇంటిలో పనిచేయు సలోమి అను స్త్రీ. ఆమెకు పరీక్షలు లేవు, పట్టా లేదు. వేడినీళ్లు కాచుట, గుడ్డలు ఉడికించుట, కట్లు కట్టుట చూచి చూచి నేర్చుకొనెను. ఆ దినములలో పరుల రక్తమును, మలమూత్రములను ముట్టు పని హీనమైనదని అనేకులు ఎంచుచుండిరి. అట్టి కాలములో క్రైస్తవ స్త్రీలు ఆ పనికి చేయి చాపిరి. అయితే ప్రేమగల చేతులకు శాస్త్రమును తోడు కావలెనని ఐడా అమ్మగారు ఎరిగియుండిరి. 1909లో డెలియా హౌటన్ అను శిక్షణ పొందిన నర్సుగారి నడిపింపులో వేలూరునందు నర్సుల పాఠశాల ఏర్పడెను. అనుభవమునకు తరగతి గది తోడయ్యెను.

ఆసుపత్రికి రాలేని పల్లెవారికొరకు ఆమె తానే రోడ్డు వెంబడి బయలుదేరెను. మొదట ఎద్దుబండి, 1909నుండి చిన్న మోటారుబండి. గుడియాత్తము దారిలో చెట్ల క్రింద రోగులు కాచుకొనియుండెడివారు. ఒక్క డాక్టరమ్మ ఎందరికి చాలును? మన దేశపు స్త్రీలే డాక్టరులు కావలెనని ఆమె తలంచెను. మద్రాసు ప్రభుత్వ వైద్యాధిపతి నమ్మకము లేకయే, ఆరుగురు దొరకినచో ప్రారంభించుమని సెలవిచ్చెను. 151 దరఖాస్తులు వచ్చెను. 1918 ఆగస్టులో స్త్రీల వైద్య పాఠశాల తెరువబడెను. పురుషులే అనేకులు తప్పిన మొదటి సంవత్సరపు పరీక్షలో ఆమె పంపిన 14 మంది బాలికలును ఉత్తీర్ణులైరి. వీరికి దొరకునది ఎల్.ఎం.పి. అను లైసెన్సు. విశ్వవిద్యాలయపు డిగ్రీ కాకపోయినను, ఆ లైసెన్సుతోనే అనేకులైన స్త్రీలు ఊరూర ప్రాణములు కాపాడిరి.

మూయబడిన ద్వారము

ఇరువది యేండ్లు ఇట్లు గడచెను. 1938 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము ఎల్.ఎం.పి. చదువును తీసివేయ నిశ్చయించెను. ఇకమీదట వైద్యవిద్య యంతయు విశ్వవిద్యాలయమునకు చేరినదై, ఎం.బి.బి.ఎస్. డిగ్రీగానే ఉండవలెను. అందుకు మరి ఎక్కువ పడకలు, పరీక్షాగారములు, పెద్ద డిగ్రీలు గల అధ్యాపకులు కావలెను. వేలూరులో అవి చాలినన్ని లేవు. క్రొత్త విద్యార్థినులను చేర్చుకొను దారి మూతబడెను.

ఆ యాజ్ఞ అన్యాయమైనదని మేము చెప్పము. పట్టణపువానికి పూర్తి వైద్యుడు, పల్లెవానికి సగము వైద్యుడు అనుట దేవుని దృష్టికి సరియగునా? 1946లో భోర్ కమిటీయు దేశమంతట ఒకే విధమైన వైద్యులుండవలెనని సలహా యిచ్చెను. నియమము మంచిదే. కాని మంచి నియమము సహితము బీదసంస్థపై పడినప్పుడు దానిని నలుగగొట్టవచ్చును.

అప్పుడు ఐడా అమ్మగారికి 67 ఏండ్లు. కోడైకానలు కొండమీద ఇల్లు సిద్ధముగా నుండెను. విశ్రమించుటకు కావలసినంత నెపము దొరకెను. ఆమె విశ్రమించలేదు. 1941లో, యుద్ధకాలమున, 70 ఏండ్లు దాటిన ఆమె అమెరికాకు వెళ్లి, ఊరూర తిరిగి సంఘములను సహాయమడిగెను. ఇక్కడ వేలూరులో కుష్ఠవైద్యమున పేరుపొందిన డాక్టరు రాబర్ట్ కాక్రేన్ గారు ప్రిన్సిపాలు బాధ్యత వహించిరి. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయపు అనుబంధముతో ఎం.బి.బి.ఎస్. తరగతులు ప్రారంభమాయెను.

దానికి చెల్లించిన వెల ధనము మాత్రమే కాదు. అంత పెద్ద కళాశాలను నడుపుటకు అనేక మిషనులు కలియవలెను, పురుషులకును చోటియ్యవలెను. లూసీ పీబాడీ అమ్మగారు దీనికి గట్టిగా అడ్డుపడిరి. ఆమె పూర్వము మద్రాసులో మన తెలుగువారి మధ్య బాప్తిస్టు మిషనెరీగా సేవ చేసినవారు, వేలూరు ఆసుపత్రికై ఎంతో ధనము కూర్చినవారు. స్త్రీలకొరకు ఇచ్చిన కానుక స్త్రీలకే చెందవలెనని ఆమె వాదన. అది ఐడా అమ్మగారి హృదయములోని ఆశయే. అయినను బహుగా ఆలోచించి, కలిసి నడుచుటకే ఆమె సమ్మతించెను. పాత స్నేహము నొచ్చుకొనెను. 1947లో పురుష విద్యార్థులు చేరిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, విశాఖపట్టణమున పుట్టిన మన డాక్టరు హిల్డా లాజరస్ గారు ఆ సంస్థకు మొదటి భారతీయ అధిపతియైరి.

నర్సుల చదువును వెనుకబడలేదు. 1926లోనే మద్రాసు రాష్ట్రములో నర్సులు, మంత్రసానుల చట్టము వచ్చి, పేరు నమోదు చేయు పద్ధతి ఏర్పడెను. 1946లో వేలూరు నర్సుల పాఠశాల డిగ్రీ కళాశాలగా ఎదిగెను. దేశములో నర్సింగు డిగ్రీ చదువు మొదలుపెట్టిన మొట్టమొదటి చోట్లలో అది ఒకటి. సలోమి కాచిన వేడినీళ్లతో ఆరంభమైన పని, విశ్వవిద్యాలయపు పట్టము వరకు వచ్చెను. ఆ యేటనే ఐడా అమ్మగారు బాధ్యతలు విడిచిరి. 1960 మే నెలలో 89 ఏండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించిరి.

మనకు పాఠము

ప్రియులారా, ఐడా అమ్మగారు లైసెన్సును ప్రేమించలేదు, రోగిని ప్రేమించెను. అందుచేత లైసెన్సు రద్దయినప్పుడు ఆమె పిలుపు రద్దు కాలేదు. నియమము ద్వారము వంటిది. ఒక గోడనుండి మరియొక గోడకు అది మారవచ్చును. లోపలనున్న రోగి మారలేదు. ప్రేమించువారు క్రొత్త ద్వారము వెదకుదురు.

మన కుమార్తెలకు మేము చెప్పునది ఇదే. చేతిపని తెలిసినంత మాత్రమున చదువును తృణీకరింపకుడి. చదువు వచ్చినదని చేతిపనిని తృణీకరింపకుడి. పదవ తరగతితో ఆగినవారు ముందు ఇంటర్మీడియెటు పూర్తిచేయుడి. ఏ.ఎన్.ఎం. ముగించి రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదైనవారికి జి.ఎన్.ఎం. చదువుటకు దారి కలదు. జి.ఎన్.ఎం. ముగించి నమోదైనవారు మరి రెండు సంవత్సరములు చదివి బి.ఎస్సి. పట్టము పొందవచ్చును. మెట్టు వెంబడి మెట్టు ఎక్కుట అవమానము కాదు. అపొల్లోయు అట్లే ఎక్కెను.

తలిదండ్రులకు ఒక హెచ్చరిక. ఫీజు చెల్లించుటకు ముందే, ఆ పాఠశాలకు రాష్ట్ర నర్సింగు కౌన్సిలు గుర్తింపును, ఇండియన్ నర్సింగు కౌన్సిలు గుర్తింపును కలవో లేవో విచారింపుడి. చదువు లేకయే సర్టిఫికెటు ఇప్పింతుమని చెప్పు దళారుల మాట వినకుడి. అబద్ధపు పత్రిక రోగి ప్రాణమునకును, మీ బిడ్డ మనస్సాక్షికిని అపాయము. నమోదును గడువు దాటనీయక కాలానుసారముగా క్రొత్తది చేయించుకొనుటకు మీ పిల్లలకు జ్ఞాపకము చేయుడి.

సంఘమునకును పని కలదు. అకులయు ప్రిస్కిల్లయు లేనిచో అపొల్లో ఉన్నచోటనే నిలిచిపోయియుండును. వారు పండితులు కారు, కష్టజీవులు. మన సంఘములలో ఉద్యోగము ముగించిన నర్సులు, ఉపాధ్యాయులు ఉన్నారు. వారానికి రెండు సాయంకాలములు వారు ఒక పిల్లకు ఇంగ్లీషును, సైన్సును చెప్పిన యెడల ఎంత మేలు! కోతపండుగ కానుకలలో కొంత భాగము ఒక బీదపిల్ల ఫీజునకు ప్రత్యేకింపుడి. శిక్షణ సగములోనుండగా పెండ్లికై తొందరపెట్టకుడి. మన గుడిలో నర్సమ్మలకొరకు పేరు పేరున ప్రార్థింపుడి.

రాత్రివేళ తలుపు తట్టువారు నేటికిని వచ్చుచున్నారు. అప్పుడు మన బిడ్డ జాలితోపాటు నేర్పును గలదై లేచి వెళ్లగలుగునట్లు ప్రభువు మన సంఘములను సిద్ధపరచును గాక.

ప్రార్థన: పరమ వైద్యుడవైన ప్రభువా, రోగుల పడకయొద్ద నిలుచు నీ దాసురాండ్రను బలపరచుము. క్రొత్తగా నేర్చుకొనవలసినప్పుడు వారికి వినయమును ధైర్యమును దయచేయుము. వారి భారమును పంచుకొను మనస్సు మాకనుగ్రహింపుము. ఆమేన్.